ఎర్రగుడ్డ గంప

విశాఖపట్నం,
4 జూలై 1983.

తమ్ముడు జ్ఞానదాసుకి అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందింది. భిలాయ్‌లో మంచి చేప దొరకదని రెండు పేజీలు ఏడ్చావు. నిన్ను అక్కడికి పంపింది ఉక్కు పని నేర్చుకోమని, పులుసు కోసం కాదు. ఎండు కవళ్ల చేపలు కట్టి పంపుదామనుకున్నాను గాని, ఆ వాసనకి మీ హాస్టలు వాళ్లు నిన్ను మూటతో సహా బయట పెడతారని ఊరుకున్నాను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. మా ఆసుపత్రి క్యాజువాల్టీ కిటికీలోంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ సగమే కనిపిస్తోంది, మిగతా సగం మబ్బులో ఉంది. ఓడ కూత వినిపిస్తుంది, ఓడ కనిపించదు. ఒక్కోసారి ఇంజక్షను చేతిలో పట్టుకుని ఆ కూత ఎటు నుంచి వస్తోందా అని అలా నిలబడిపోతాను. ఆయమ్మలు నన్ను చూసి నవ్వుకుంటున్నారు.

ఒక సంగతి అడగాలి. ఈమధ్య మా క్యాజువాల్టీలో మనుషులు కాచుకుని కాచుకుని చనిపోతున్నారని పైవాళ్ల దగ్గరికి అర్జీలు వెళ్లాయి. పోయిన నెల కొండ అవతలి యారాడ నుంచి తెచ్చిన ఒకాయన కూడా అలాగే పోయాడు, పాము కరిచింది. సూపరింటెండెంటుగారు ఆలస్యం ఎందుకో రాసి ఇమ్మన్నారు. మా డాక్టరు గురునాథరావుగారు ఆ పని నా నెత్తిన పెట్టి చల్లగా కూర్చున్నారు. మీ ట్రైనింగులో యంత్రాలకి టైము కొలుస్తారని రాశావు కదా, మనుషులకి కూడా కొలవచ్చా?

కంటి వార్డుకి మార్చమని దరఖాస్తు రాసి పెట్టుకున్నాను. ఇంకా ఇవ్వలేదు. అక్కడ ఎవరూ పరిగెత్తుకుంటూ రారు. కారణం అడగకు. పన్నెండేళ్లయింది క్యాజువాల్టీలో, కాళ్లు నొప్పులు అనుకో.

రోజూ ఒకటే కల వస్తోందిరా. పెద్ద గడియారం ఉంటుంది. దానిలో ముళ్లకు బదులు ఇద్దరు మనుషులు ఉంటారు. ఒకరు గబగబా తిరిగొస్తుంటారు, రెండో మనిషి గేటు దగ్గరే నిలబడి ఉంటుంది.

వేళకి తిను.

అక్క,
విమల

*

భిలాయ్,
13 జూలై 1983.

అక్కకు వందనాలు.

కాళ్ల నొప్పులకి కంటి వార్డా? సరే, అడగనులే.

మనుషులకీ కొలవచ్చు. ఇక్కడ మా సెక్షను పనే అది. స్టాపువాచీ, అట్ట, పెన్సిలు పట్టుకుని రోజంతా ఒక ఇనుప దిమ్మ వెనకాల తిరుగుతాం. మొదటి వారం నాకు సిగ్గేసింది, పెళ్లికూతురి వెనకాల తిరిగే పెద్దమ్మలాగా ఉన్నానని. తరువాత తెలిసింది. రోలింగు మిల్లు నెమ్మదిగా నడుస్తోందని అందరూ మిల్లుని తిట్టేవారు. తీరా కొలిస్తే మిల్లు బాగానే ఉంది, ఎర్రగా కాలిన దిమ్మ క్రేను కోసం కాచుకుని చల్లారిపోతోంది. పని జరిగే టైము కంటే పని కోసం కాచుకునే టైమే ఎక్కువ. ఎక్కడైనా ఇంతేనంటారు మా మేష్టారు.

నువ్వు చేయాల్సింది ఇది. గేటులోకి వచ్చిన ఒక రోగిని పట్టుకో, మంచం ఎక్కి మందు పడేదాకా వెంట నడువు. ఎక్కడ ఆగితే అక్కడ టైము రాయి. అలా ముప్పై మందిని చూడు. ఒక అట్ట మీద మీ క్యాజువాల్టీ బొమ్మ గీసి, గేటు దగ్గర, కౌంటరు దగ్గర, డాక్టరు గది దగ్గర గుండుసూదులు గుచ్చు. రోగి నడిచిన దారంతా ఆ సూదులకి దారం చుట్టు. ఏం జరుగుతోందో నీ కళ్లకే కనిపిస్తుంది.

ముఖ్యమైన సంగతి, ఎవరినీ తిట్టకు. మా పుస్తకంలో మొదటి పాఠం అదే. తప్పు మనిషిది కాదు, దారిది. దారి మారిస్తే అదే మనిషి బాగా చేస్తాడు.

ఇక్కడ సముద్రం లేదనే మాటే గాని, పడుకుని కళ్లు మూసుకుంటే ఫర్నేసు హోరు అచ్చం మన కెరటాల హోరే. నిద్ర పట్టే ముందు ఒక నిమిషం పాటు నేను రేవులోనే ఉంటాను.

నీ
జ్ఞానం

*

విశాఖపట్నం,
21 ఆగస్టు 1983.

తమ్ముడికి దీవెనలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ముప్పై మంది వెనకాల తిరిగాను. రెండో రోజుకే ఆసుపత్రిలో నాకు పిచ్చి ఎక్కిందని పుకారు. చీటీ కౌంటరు కామరాజు అయితే నా చేతిలో వాచీ చూసి, "సిస్టరుగారూ, నా ఉజ్జోగానికి ఎసరెడతన్నారేటి?" అన్నాడు. నీ పుస్తకంలోని మాట చెప్పాను, తప్పు మనిషిది కాదు దారిది అని. అతను నమ్మలేదు.

అట్ట మీద చుట్టడానికి దారం చాలక వల దారం కొన్నాను. ముప్పై మందికీ చుట్టేసరికి అదొక చిక్కుపడ్డ వలే అయింది. గేటు నుంచి మంచానికి ఎనభై అడుగులు. మనిషి చేత మూడు వందల అడుగులు నడిపిస్తున్నాం. ముందు కౌంటరు, చీటీ, ఆ చీటీ పట్టుకుని డాక్టరు గది, సంతకం కోసం మళ్లీ కౌంటరు, ఆపైన మందుల గది, అప్పుడు మంచం. రోగిని తోసుకెళ్లే ట్రాలీని ఎవరో ఎత్తుకుపోతారని వెనక వరండాలో గొలుసు వేసి కడుతున్నాం. దాని తాళం ఒకరి దగ్గర, మందుల ఫ్రిజ్ తాళం ఇంకొకరి దగ్గర. ఇవన్నీ పన్నెండేళ్లుగా చూస్తూనే ఉన్నాను, ఒక్కనాడూ కనిపించలేదు. అట్టని గోడకి ఆనించి, టీ చల్లారిపోయేదాకా దానికేసే చూస్తూ కూర్చున్నాను.

గేటు నుంచి మందు పడేదాకా సగటున ముప్పై ఎనిమిది నిమిషాలు. అందులో డాక్టరుగారు చెయ్యి వేసేది ఐదారు నిమిషాలు. గురునాథరావుగారికి చూపిస్తే కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని, "ఇది మన క్యాజువాల్టీయేనా?" అన్నారు.

కాగితాలన్నీ నకలు తీసి పంపుతున్నాను. యారాడ ఆయన సంగతి కూడా గేటు పుస్తకమూ మా రిజిస్టరూ చూసి ముప్పై ఒకటో కాగితంగా రాశాను. మీ మేష్టారికి చూపించు. ఇవాళ వాన లేదు. కొండ నిండుగా కనిపిస్తోంది, ఎందుకో మబ్బులో ఉంటేనే బాగుందనిపించింది.

అక్క,
విమల

*

భిలాయ్,
2 సెప్టెంబరు 1983.

అక్కకు వందనాలు.

నీ కాగితాలు చూసి మా మేష్టారు క్లాసులో అందరికీ చదివి వినిపించారు. గర్వం ఆపుకోలేకపోయాను.

ఒక్క కాగితం దగ్గర ఆయన ఆగారు, ముప్పై ఒకటోది. మిగతా వాటిలో ప్రతి నిమిషానికీ ఎదురుగా ఒక పేరుంది. కామరాజు, మందుల గది, ట్రాలీ, అలాగ. యారాడ ఆయనకి మాత్రం తొమ్మిదీ పదికి గేటు, తొమ్మిదీ పద్నాలుగుకి కౌంటరు అని రాశావు. తరువాత తొమ్మిదీ ముప్పై రెండుకి ఆయమ్మ చూసేసరికి ఒరిగిపోయి ఉన్నాడని రాశావు. నడుమ ఏమీ లేదు. రోగి పేరు దగ్గర కూడా గీతే ఉంది.

అక్కా, ఆ పద్దెనిమిది నిమిషాలు ఎవరివి?

తెలియకపోతే అక్కడ నిలబడ్డవాళ్లని అడగాలని మేష్టారు అన్నారు.

నీ
జ్ఞానం

*

విశాఖపట్నం,
16 అక్టోబరు 1983.

జ్ఞానం,

ఆలస్యమైంది. ఐదు వారాలు నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని గడిపాను. మొన్న ఆదివారం గుడి మానేసి యారాడ వెళ్లాను.

పడవలో హార్బరు ఛానెల్ దాటి, కొండ ఎక్కి దిగాను. అవతలివైపు దిగేసరికి ఊరి చప్పుడు తెగిపోయింది. ఓడల కూతలు కూడా కొండ ఇవతలే ఉండిపోయాయి. ఇసుక మీద నడుస్తుంటే నేను మెలకువగా ఉన్నానో కలలో ఉన్నానో తెలియలేదు. పాము కరిచి పోయినాయన ఇల్లు ఏదని అడిగితే అందరూ ఒకే వైపు చెయ్యి చూపించారు. అక్కడ ఆయన భార్య అసిరమ్మ కూర్చుని చేపలు ఏరుతోంది.

నన్ను చూసి గుర్తుపట్టింది. "రండి సిస్టరమ్మా, కూకోండి. ఇసకే, మాసిపోదు" అంది. నేను కూర్చున్నాను. ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమన్నాను. చేపలు ఏరుతూనే చెప్పింది.

కట్టెల కోసం కొండెక్కిన మొగుణ్ణి పాము కరిచింది. నులక మంచం మీద కొండ దాటించి, పడవ ఎక్కించారు. రిక్షాలో ఇద్దరే పట్టారు, అతనూ ఆమే. మరిది వెనక పడవలో వస్తున్నాడు. మా వరండాలో గోడకి ఆనించి కూర్చోబెట్టి కౌంటరుకి పరిగెత్తింది. కామరాజు పేరు అడిగాడు. ఆమె చెప్పలేదు.

"మొగుడి పేరు నోట పలికితే ఆయుస్సు తగ్గిపోద్దంటారు కద తల్లీ. ఏనాడూ పలకనేదు. ఆ రోజైతే అసలే పలకనేను, ఆడు అలాగున్నప్పుడు. మా గుంటడి అయ్య అని రాసుకోండి బాబూ అన్నాను. అలా రాయకూడదన్నాడు."

బిడ్డ తండ్రి అన్న మాట చీటీలోకి ఎక్కలేదు. వరసలో వెనక వాళ్లు ముందుకు తోసుకొచ్చారు. ఆమె పక్కకి జరిగి నిలబడింది, మరిది వస్తే పేరు చెబుతాడని. అలా చూసి చూసి ఇంక ఆగలేక లోపలికి వచ్చింది.

లోపల ఎవరున్నారో నేను నీకు రాయలేదు. నేనే ఉన్నాను, జ్ఞానం. నా కొంగు పట్టుకుంది. నేను వరండాలోకి తొంగి చూశాను. అతని రెప్పలు వాలిపోతున్నాయి, తల వేలాడుతోంది. తాగొచ్చాడనుకున్నాను. పొద్దున్నే మొదలెట్టారా అని లోపల విసుక్కున్నాను కూడా. "చీటీ ఉందా? లేకపోతే కౌంటరుకి వెళ్లు" అన్నాను. ఆమె వెళ్లింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పంపాను.

పాము విషానికి అలా రెప్పలు వాలతాయని నేను కొత్త నర్సులకి పాఠం చెబుతాను. మందు ఫ్రిజ్‌లో ఉంది. పది అడుగుల దూరం.

"పాము కరిచిందని నాతో ఎందుకు చెప్పలేదు అసిరమ్మా?" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. తప్పు ఆమె మీదకి తోయాలని చూస్తున్నాను.

ఆమె చేప కింద పెట్టి నాకేసి చూసింది. "ఏటైందని ఎవలూ అడగనేదమ్మా. పేరేటని అడిగినారు, సీటీ ఏదని అడిగినారు" అంది. కోపం లేదు. ఉంటే బాగుండేది.

రిజిస్టరులో ఆ గీత నేను గీసిందే. మరిది వచ్చేసరికి అంతా అయిపోయింది. చావు కాగితంలో పేరు ఆయనే చెప్పి రాయించుకున్నాడట, అది వేరే ఆఫీసులో. మా రిజిస్టరులో మాత్రం యారాడ, మగ, ముప్పై ఐదు అని ఉంది, పేరు దగ్గర గీత. రోజూ ఆ పేజీ దాటి కొత్త పేజీకి వెళుతున్నాను.

ఆ పద్దెనిమిది నిమిషాలు నావి. మీ మేష్టారికి చెప్పు. కంటి వార్డు దరఖాస్తు రేపు ఇచ్చేస్తాను.

విమల

*

భిలాయ్,
24 అక్టోబరు 1983.

అక్కా,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను.

తప్పు మనిషిది కాదు దారిదని నీకు రాసినప్పుడు పుస్తకంలోంచి ఎక్కించాను. అది నీ విషయంలో నిజమో కాదో నాకు తెలియదు. నిజమని రాస్తే నిన్ను ఊరుకోబెట్టడానికి రాసినట్టుంటుంది. నువ్వు ఆమెని అడగలేదు. అది నువ్వు చేసిన తప్పే. కానీ చీటీ లేనివాళ్లని వెనక్కి పంపాలని నీకు పన్నెండేళ్లు నేర్పించారు కదా. నువ్వు కంటి వార్డుకి పోతే నీ చోట్లోకి వచ్చే అమ్మాయికి కూడా అదే నేర్పిస్తారు. వరండాలో ఇంకో అసిరమ్మ నిలబడుతుంది.

దరఖాస్తు ఇచ్చి ఉంటే వెనక్కి తీసుకో. చీటీ వెనక్కి వెళ్లి మనిషి ముందుకి వచ్చేదాకా అక్కడే ఉండు. తరువాత నీ ఇష్టం, కన్ను గాని ముక్కు గాని.

ఇంకొకటి. మా మేష్టారు ఎప్పుడూ దిమ్మ మోసేవాణ్ణి అడుగుతారు, నువ్వయితే ఎలా చేస్తావని. నువ్వు అసిరమ్మని ఆ మాట అడిగావా?

ఏడవకు. నేను ఇక్కడ నీ బదులు ఏడ్చాను.

తమ్ముడు

*

విశాఖపట్నం,
18 డిసెంబరు 1983.

చిన్నవాడివని నిన్ను ఇంక అననురా.

దరఖాస్తు ఇవ్వలేదు. మళ్లీ యారాడ వెళ్లాను. ఈసారి అడిగాను, నువ్వయితే ఎలా చేస్తావని. ఆమె నవ్వింది, ఇంత చిన్న సంగతి కోసం కొండ దాటి వచ్చావా అని.

వలలోంచి దించిన చేపని వాళ్లు మూడు గంపలుగా వేస్తారు. కవళ్లు తొందరగా పాడవుతాయి, అవి ఒక గంప. కాసేపు ఆగే చేప ఇంకొక గంప. ఎండబెట్టేది మూడోది. కవళ్ల గంప చెవికి ఎర్రగుడ్డ కడతారు. అసిరమ్మ మాటల్లో చెబుతాను, "ఎర్రగుడ్డ గంప ముందు పడవ ఎక్కిపోద్ది. అది ఎవలిదని ఎవలూ అడగరు. బజారుకెల్లినాక సూసుకుంటాం, ఎవల గంప ఎవలిదో. ముందు ఎవలిదని తగువులాడుకుంటే సేప ఆగుద్దేటి?"

జ్ఞానం, నేను ఇసుకలో అలా కూర్చుండిపోయాను. నువ్వు భిలాయ్ దాకా వెళ్లి నేర్చుకున్నది ఆవిడ గంప చెవికి కట్టి ఉంది.

గురునాథరావుగారికి చెప్పాను. ముందు తటపటాయించారు, పేరు లేకుండా మందు ఇస్తే ఆడిటు వాళ్లు చంపుతారని. ముప్పై ఒకటో కాగితం ఆయన బల్ల మీద పెట్టి, పద్దెనిమిది నిమిషాల ఎదురుగా నా పేరు రాసి సంతకం చేశాను. ఆయన ఆ సంతకం చదివి, కాగితం సొరుగులో పెట్టుకున్నారు. "పదిహేను రోజులు చూద్దాం, అడిగితే నేను చెప్పుకుంటాను" అన్నారు.

ఇప్పుడు గేటు దగ్గరే ఒక నర్సు నిలబడుతుంది. అడిగేది ఒక్కటే, ఏమైందని. చేతికి గుడ్డ కడుతుంది. ఎర్రగుడ్డ అయితే నేరుగా మంచం మీదికే, పసుపుదైతే బల్ల మీద కూర్చుంటారు, తెల్లదైతే వరసలో. గుడ్డ మీద ఒక నంబరు. కామరాజే మంచం దగ్గరికి వచ్చి పేరు రాసుకుంటాడు, తీరుబడిగా. మొదట గొణిగాడు. ఇప్పుడు, "మనిసి తిరిగితే కీళ్లు పట్టెయ్యవు కదండి" అంటున్నాడు. ఫ్రిజ్ తాళం గోడ మేకుకి వేలాడుతోంది. ట్రాలీ గొలుసు తీయించి, చక్రాలు ఆటోనగర్‌లో బాగు చేయించాం. కిర్రుమనడం మానేసి అదేమిటో దొంగలా వస్తోంది.

ఎర్రగుడ్డ వాళ్లకి సగటు ఏడు నిమిషాలు. రెండు సార్లు లెక్కేశాను, తప్పేమోనని.

అసిరమ్మని ఆయమ్మగా తీసుకోమని డాక్టరుగారే రాశారు. జనవరి నుంచి వస్తుంది. వస్తావా అని నేను అడగడానికి భయపడ్డాను. ఆ వరండాలోకి మళ్లీ ఎలా వస్తుంది? "అక్కడే నిలబడతాను" అంది.

అక్క

*

విశాఖపట్నం,
26 ఫిబ్రవరి 1984.

తమ్ముడికి,

ఈ ఉత్తరం డ్యూటీ గదిలోనే రాస్తున్నాను. రేపటికి నాకే కల అనిపిస్తుందేమోనని.

ఇవాళ పొద్దున్న పదిన్నరకి రిక్షాలో ఒక ఆడమనిషి మొగుణ్ణి తెచ్చింది. స్టీల్‌ప్లాంటు కట్టే చోట పని, ఇనుప రేకు తొడలో దిగింది. పైన లుంగీ చుట్టి ఉంది కాబట్టి చూడ్డానికి ఏమీ లేనట్టే ఉన్నాడు, నిద్రొస్తున్నట్టు కూర్చున్నాడు. ఆమె దిగుతూనే కౌంటరు ఎక్కడని అడిగింది. గేటు నర్సు పక్కనే నిలబడే అసిరమ్మ ఆమె రెక్క పట్టుకుని ఆపి, "పేరు తరవాత సెబుదువు గాని, ఏటైంది సెప్పు" అంది. చెబుతుండగానే లుంగీ ఎత్తి చూసి, అతని చేతికి ఎర్రగుడ్డ కట్టి నన్ను కేకేసింది. మంచం మీద పడుకోబెట్టి, గాయం అదిమి పట్టి, సెలైను ఎక్కించేసరికి నాలుగు నిమిషాలు. మధ్యాహ్నానికి కుట్లు పడ్డాయి. కళ్లు తెరిచి టీ అడిగాడు.

భార్య అతని పేరు చెప్పనే లేదు. మెలకువ వచ్చాక అతనే కామరాజుకి చెప్పుకున్నాడు.

జనం పల్చబడ్డాక అసిరమ్మ నా దగ్గరికి వచ్చింది. గోడ గడియారం కేసి చూస్తూ, "సిస్టరమ్మా, ఆడికి ఎంతసేపు పట్టినాది?" అంది.

"నాలుగు నిమిషాలు."

"మావోడిక్కూడా నాలుగు నిమిషాలైతే బతుకునా?"

ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుందని తెలుసు. ఏం చెప్పాలో నెల నుంచీ కూర్చుకుంటున్నాను, దేవుడి చిత్తమని, విషం ఎంత ఎక్కిందో ఎవరికి తెలుసునని. అవన్నీ పక్కన పెట్టాను.

"బతికేవాడు అసిరమ్మా. మందు ఉంది. నేనే నిన్ను వెనక్కి పంపాను, రెండు సార్లు. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

బయట ఓడ కూసింది, చాలా దూరం నుంచి. అసిరమ్మ గడియారం మీంచి చూపు నా మీదికి తిప్పింది.

"ఎరుగుదును తల్లీ" అంది. "మీరు సెప్తారో సెప్పరో అని సూసినాను."

తరువాత ఆ పాత రిజిస్టరు చూపించమంది. బీరువాలోంచి తీసి ఆ పేజీ తెరిచాను. చదువు రాదు కదా, ఆయన సంగతి ఎక్కడ రాసి ఉందని అడిగింది. నేను చూపించిన గీత మీద వేలు ఆనించింది.

"ఇక్కడేటి రాయాల?"

"పేరు."

"సెప్తే ఆయుస్సు తగ్గిపోద్దని దాసినాను. ఇంకేటి తగ్గిపోద్ది" అంది. గోడకేసి తిరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసేసింది. పదహారేళ్ల కాపురంలో పలకని మాట కదా, ముందు పెదాలతోనే ఒకసారి అనుకుని చూసింది. ఆ తరువాత నెమ్మదిగా చెప్పింది.

"తవిటయ్య."

రాశాను. పాత పేజీలో కొత్తగా రాయకూడదని రూలుంది. గురునాథరావుగారు వచ్చి, ఆ పేరు చదివి పక్కన సంతకం పెట్టి వెళ్లారు. అసిరమ్మ తడి సిరా మీద చూపు పెట్టి, అది ఆరేదాకా నిలబడింది.

గేటు దగ్గర రిక్షా గంట వినిపిస్తోంది. ఆమె అప్పుడే ఎర్రగుడ్డ తీసుకుని వెళ్లింది. నేనూ వెళ్లాలి.

అక్క